“నాన్నకు మాత్రం చెప్పొద్దు మేడమ్”: కౌన్సెలింగ్‌లో నైతిక నిర్ణయాలు

(జూనియర్ కళాశాలలు, హాస్టళ్లలో పనిచేసే కౌన్సెలర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో ఎక్కువమంది ఇంటర్ కాలేజీల్లో, రెసిడెన్షియల్ క్యాంపస్‌లలో పనిచేస్తున్నారు. అందుకే నైతికత గురించి పైపైన మాట్లాడి వదిలేయను. మీ గది, మీ టేబుల్, మీ ఎదురుగా కుర్చీలో కూర్చునే పదహారేళ్ల పిల్ల. ఈ మూడింటినీ దాటి వెళ్లను.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం మీద వెళ్లిన కేసు అది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలని కోర్టు చెప్పింది. అంతకంటే తక్కువ మంది ఉంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని, పిల్లల్ని నలుగురిలో అవమానించొద్దని కూడా అందులో ఉంది. కౌన్సెలర్ గది ఉండాలన్నంత వరకు కోర్టు తేల్చింది. ఆ గదిలో విన్న మాటను ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు, ఎంత చెప్పాలి అన్నది మాత్రం రోజూ మనమే తేల్చుకోవాలి.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చెప్పాలా, దాచాలా అన్న ఆలోచన పిల్ల ఏడుస్తున్నప్పుడు మొదలవకూడదు. అప్పటికి ఆలస్యమైపోయినట్టే. ఆ జవాబులో పెద్ద భాగం మొదటి సెషన్ మొదటి ఐదు నిమిషాల్లో, ఇంకా ముందు మనం ఉద్యోగంలో చేరిన వారంలో తేలిపోవాలి. అక్కడ తేల్చుకోనివాళ్లే తర్వాత అబద్ధమాడాల్సి వస్తుంది.

ముందు ఆ ఐదు నిమిషాలు చూద్దాం. చాలామంది ఏమంటారు? “నువ్వేం చెప్పినా ఎవరికీ చెప్పనమ్మా, నన్ను నమ్ము.” పిల్ల నోరు విప్పాలన్న ఆత్రంలో వచ్చే మాట అది. కానీ మనం నిలబెట్టుకోలేని మాట. చనిపోవాలనుందని ఆ పిల్ల చెప్పిన రోజున దాన్ని మీరే తప్పుతారు. అప్పుడు పోయేది మీ ఒక్కరి మీద నమ్మకం కాదు. ఆ పిల్ల ఇంకెప్పుడూ ఏ పెద్దవాళ్ల దగ్గరా నోరు విప్పదు. దానికి బదులు ఇలా చెప్పండి, దాదాపు ఇవే మాటల్లో:

“అమ్మా, నువ్వు ఇక్కడ చెప్పేది నా దగ్గరే ఉంటుంది. మీ లెక్చరర్లకు, వార్డెన్‌కు, ఇంట్లోవాళ్లకు చెప్పను. కొన్ని విషయాల్లో మాత్రం నేను దాచలేను. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే చెప్తాను. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల మీద లైంగికంగా ఏదైనా జరిగిందనో, జరగబోతోందనో తెలిస్తే చట్టప్రకారం చెప్పి తీరాలి. కోర్టు అడిగితే చెప్పాలి. అలాంటప్పుడు కూడా ముందు నీతోనే మాట్లాడతాను. నీకు తెలియకుండా ఏదీ చేయను. ఒక్కోసారి నాకు సలహా కావాల్సి వస్తే మా సీనియర్‌ని అడుగుతాను, నీ పేరు చెప్పకుండా. ఇప్పుడు నేను చెప్పింది నీ మాటల్లో ఒకసారి చెప్పు.”

ఆ చివరి వాక్యం వదిలేయకండి. తల ఊపినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. తన మాటల్లో చెప్పినప్పుడే తెలుస్తుంది. రెండో సెషన్లోనూ, ఆ తర్వాత నెలకోసారైనా ఇది గుర్తు చేయాలి. “దాచలేని విషయాలు ముందే చెప్తే పిల్లలు భయపడి ఏమీ చెప్పరు కదా” అని అడుగుతారు. కొందరు కొంతకాలం చెప్పరు. ఆ నష్టం ఉంది, కాదనను. కానీ తెలియక చెప్పి ఇరుక్కున్న పిల్లకు జరిగే నష్టంతో పోల్చి చూడండి. ఏది చెప్పాలో ఎంచుకునే హక్కు తనది. ఆ ఎంపికకు కావలసిన సమాచారం ఇవ్వడం మన బాధ్యత.

ఇక మేనేజ్‌మెంట్‌తో ఒప్పందం. జీతం కాలేజీ ఇస్తుంది, ఫీజు తండ్రి కడతాడు, కుర్చీలో కూర్చునేది పిల్ల. మరి మనం ఎవరి మనిషిమి? ఇది ముందే కాగితం మీద ఉండాలి. ఒక్క పేజీ చాలు. సెషన్‌కు ఎవరెవరు వచ్చారన్న జాబితా ఎవరికి వెళ్తుంది? నెలవారీ నివేదికలో సంఖ్యలేనా, పేర్లు ఉంటాయా? ఫైళ్లున్న బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది? రాత్రి పదకొండుకు హాస్టల్లో అత్యవసరం వస్తే వార్డెన్ మొదట ఎవరికి ఫోన్ చేయాలి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసి ప్రిన్సిపాల్ సంతకం తీసుకోండి. పబ్లిక్ పరీక్షలకు ముందు “వీక్‌గా ఉన్నవాళ్ల లిస్టు ఇవ్వండి మేడమ్, ఇంటికి పంపించేద్దాం” అని డీన్ అడిగే రోజు వస్తుంది. ఆ రోజు మీ చేతిలో ఉండేది ఆ పేజీ ఒక్కటే.

ఇప్పుడు అసలు సన్నివేశం. ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ అమ్మాయి. వీకెండ్ టెస్టుల్లో మార్కులు పడిపోతున్నాయి, రాత్రిళ్లు నిద్ర లేదు. మూడో సెషన్లో అంటుంది: “పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తోంది. నాన్నకు మాత్రం చెప్పొద్దు మేడమ్, నా కోసం పొలం కౌలుకిచ్చి ఫీజు కట్టాడు.”

ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. మొదటిది, విన్న వెంటనే గది బయటికి పరుగెత్తి ప్రిన్సిపాల్‌కు, వార్డెన్‌కు, తండ్రికి అందరికీ చెప్పేయడం. రెండోది, “అలాంటి మాటలు అనకూడదమ్మా, మీ నాన్న గురించి ఆలోచించు” అని బుజ్జగించి పంపేయడం. రెండూ మన భయం తగ్గించుకోవడానికి చేసే పనులే. మొదట చేయాల్సింది ఎంత ముప్పు ఉందో తెలుసుకోవడం.

సూటిగా అడగండి. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినందుకు ఆలోచన పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. చాలామంది పిల్లలకు ఆ మాట పైకి అనగలిగినందుకే కాస్త ఊపిరి అందుతుంది. ఆ తర్వాత వరసగా అడగండి. ఎన్నాళ్లుగా ఉంది, రోజుకెన్నిసార్లు వస్తోంది? ఎలా అన్నది ఆలోచించావా? అది నీకు అందుబాటులో ఉందా? ఎప్పుడన్నది అనుకున్నావా? ఇంతకు ముందెప్పుడైనా ప్రయత్నించావా? ఇప్పటివరకు నిన్ను ఆపుతున్నది ఏమిటి? ఎలా, ఎప్పుడు అన్నవి అనుకుని, అందుబాటు కూడా ఉంటే ఆ పిల్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. ఇంట్లోవాళ్లకు ఆ రోజే చెప్పాలి, ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి చేర్చాలి. మన సన్నివేశంలోలా పద్ధతి ఆలోచించకుండా, గతంలో ప్రయత్నం లేకుండా కోరిక మాత్రమే ఉంటే కాస్త వెసులుబాటు ఉంటుంది. ఆ వెసులుబాటును పిల్లను మన నిర్ణయంలో కలుపుకోవడానికి వాడుకోవాలి.

కలుపుకోవడమంటే ఏమిటి? “చెప్పనా, వద్దా” అని అడగడం కాదు. చెప్పాల్సిందే కాబట్టి అలా అడగడం మోసం. “ఇంట్లో ఒకరికి చెప్పక తప్పదు. ఎవరికి చెప్దాం, ఏం చెప్దాం, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?” అని అడగాలి. అప్పుడు తెలుస్తుంది. అమ్మాయి భయపడేది తన దిగులు తండ్రికి తెలుస్తుందని కాదు, మార్కుల సంగతి తెలుస్తుందని. అలాగైతే మార్కుల ప్రస్తావన లేకుండా తల్లికి చెప్పొచ్చు. ముప్పు గురించి చెప్పాలి గానీ, ముప్పుతో పాటు మనకు తెలిసినవన్నీ చెప్పాల్సిన పని లేదు. గోప్యత అంటే పూర్తిగా మూయడం, లేదంటే పూర్తిగా తెరవడం అనుకోవడం వల్లనే మనలో చాలామంది పొరపాటు పడుతున్నారు.

ఫోన్ పిల్ల పక్కనుండగానే చేయండి. కాలేజీ నుంచి వేళకాని వేళ ఫోన్ వస్తే ఊళ్లో ఉన్న తల్లికి గుండె జారిపోతుంది. కాబట్టి మొదటి మాట ఇలా ఉండాలి: “నమస్కారమండీ, కాలేజీ కౌన్సెలర్‌ని మాట్లాడుతున్నాను. అమ్మాయి క్షేమంగా ఉంది, నా పక్కనే కూర్చుంది.” ఆ తర్వాతే విషయం. “కొన్నాళ్లుగా తనకు చాలా దిగులుగా ఉంటోంది, బతకాలని లేదన్నంత దిగులు. ఆ మాట చెప్పగలిగింది, అదే మంచిదైంది. రేపు మీరు రావాలి. వచ్చేలోపు తనను ఏమీ అడగొద్దు, కోప్పడొద్దు.” సెలవు మీద ఇంటికి తీసుకెళ్తుంటే పురుగుమందులు, ఇంట్లో ఉన్న మాత్రలు తాళం వేసి ఉంచమని, ఆ తాళం పెద్దవాళ్ల దగ్గరే ఉండాలని స్పష్టంగా చెప్పండి. మొహమాటపడకండి. మన ఊళ్లలో వ్యవసాయం చేసే ఇళ్లన్నింటికీ ఇది చెప్పి తీరాల్సిన మాట.

పోలీసు కేసు అవుతుందేమోనని తల్లిదండ్రులు దాచే ప్రయత్నం చేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ లాంటిది లేదు. ఈ మాట వాళ్లకు చెప్పండి, ఆసుపత్రికి వెళ్లడానికి ధైర్యం వస్తుంది.

“ఇంకెప్పుడూ అలా చేయనని రాసి సంతకం పెట్టు” అని కాగితం తీసుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దానివల్ల ప్రాణాలు నిలుస్తాయనడానికి ఆధారం లేదు. పైగా మళ్లీ ఆలోచన వస్తే చెప్పడానికి ఆ సంతకమే అడ్డమవుతుంది. దాని బదులు ఆ పిల్లతో కలిసి భద్రతా ప్రణాళిక రాయండి. ఆలోచన వచ్చే ముందు కనిపించే సూచనలు, తనంతట తాను చేయగలిగినవి, మనసు మళ్లించే మనుషులు, చోట్లు, సాయం అడగదగిన ఇంటివాళ్లు, నిపుణుల నంబర్లు, చుట్టూ ఉన్న ప్రమాదకరమైనవాటిని దూరం పెట్టే పద్ధతి. ఒక్క కాగితం, తన చేతిరాతలో. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 కూడా అందులో ఉండాలి. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇక్కడ కాలేజీలు చేసే పెద్ద అన్యాయం ఒకటుంది. విషయం తెలియగానే ఔట్‌పాస్ రాసి, పెట్టె సర్దించి, పిల్లను బస్సెక్కించేస్తారు. ప్రమాదం క్యాంపస్ బయటికి వెళ్తే తమ బాధ్యత తీరిపోయిందని లెక్క. తల్లిదండ్రులకు అప్పగించడమంటే ముప్పు ఎంతుందో చెప్పడం, ఏ ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలో రాసివ్వడం, తిరిగి వచ్చే తేదీ చెప్పడం, సీటు పోదని పిల్లకు నేరుగా చెప్పడం. ఇవి లేకుండా పంపడాన్ని వదిలించుకోవడం అనాలి. దానికి మీరు సంతకం పెట్టకండి.

ఇప్పుడు మనం చేసిన పనిని కాస్త వెనక్కి తిరిగి చూద్దాం. 1984లో కారెన్ కిచెనర్ అనే అమెరికన్ సైకాలజిస్టు కౌన్సెలింగ్‌కు ఐదు నైతిక సూత్రాలు చెప్పారు: వ్యక్తి స్వయం నిర్ణయాన్ని గౌరవించడం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయంగా ఉండటం, ఇచ్చిన మాటకు కట్టుబడటం. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నియమావళిలో నిజాయితీ అన్న ఆరోదాన్ని చేర్చింది. పరీక్షకు చదువుకున్నప్పుడు ఇవి కంఠస్థం చేస్తాం. పనిలోకి వచ్చాక ఇవన్నీ ఒక్కసారే ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. మన సన్నివేశంలో స్వయం నిర్ణయం “చెప్పకు” అంటోంది, కీడు చేయవద్దన్న సూత్రం “చెప్పు” అంటోంది. అలాంటప్పుడు ఒకదాన్ని గెలిపించి ఇంకోదాన్ని పారేయడం కాదు పద్ధతి. ఓడిపోతున్న సూత్రానికి ఎంత తక్కువ నష్టంతో పని జరుగుతుందో వెతకాలి. తండ్రికి బదులు తల్లి, మార్కులు వదిలి ముప్పు మాత్రమే, వెనకాల కాకుండా పిల్ల ఎదుటే. మనం చేసిందదే.

దీనికి నేను పాటించమని చెప్పే వరస చిన్నదే. సమస్యను ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. అందులో తెలిసిందెంత, ఊహించిందెంత అన్నది గీత గీసి విడదీయండి. చట్టం ఏదైనా తప్పనిసరి చేస్తోందా అని చూడండి, చేస్తుంటే ఆ మేరకు చర్చ ముగిసింది. లేకపోతే కనీసం మూడు దారులు రాయండి. రెండే కనిపిస్తున్నాయంటే మీరు భయంలో ఉన్నారని అర్థం. ఆ తర్వాత పేరు లేకుండా ఒక సీనియర్‌తో పది నిమిషాలు మాట్లాడండి. ఒంటరిగా తీసుకున్న నిర్ణయాల్లోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఆ సీనియర్ నంబర్ ఇప్పుడే మీ ఫోన్లో ఉండాలి. లేకపోతే ఈ రోజు ఈ హాలు దాటేలోపు ఒకరితో ఒకరు ఒప్పందం చేసుకోండి.

చట్టం తప్పనిసరి చేసే సందర్భం పోక్సో, 2012 నాటి చట్టం. 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు వారి మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం ఉన్నా స్పెషల్ జువెనైల్ పోలీస్ యూనిట్‌కో స్థానిక పోలీసులకో చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని చెప్పకపోతే ఏడాది దాకా జైలు, జరిమానా. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి. కౌన్సెలర్ ప్రిన్సిపాల్‌కు చెప్పి తన పని అయిపోయిందనుకుంటుంది. చట్టం “ఏ వ్యక్తి అయినా” అంటుంది. ప్రిన్సిపాల్ చెప్పకుండా ఆపేస్తే మీ బాధ్యత మీదే. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు నిలవదని అదే 19వ సెక్షన్ రక్షణ ఇస్తోంది.

రిపోర్టు చేయడం వరకే నైతికత కాదు. రిపోర్టుకు ముందు ఏం చేశామన్నది అంతకంటే ముఖ్యం. పిల్ల చెప్పింది చెప్పినట్టు, తన మాటల్లోనే, కొటేషన్లలో రాయండి. “అతను నీ మీద చెయ్యి వేశాడా?” అని మీరు అందించకండి, “తర్వాత ఏమైంది?” అని మాత్రం అడగండి. దర్యాప్తు చేయడం మన పని కాదు. ఆ పిల్లను వార్డెన్ ఒకసారి, వైస్ ప్రిన్సిపాల్ ఒకసారి, మేనేజ్‌మెంట్ ఒకసారి పిలిచి చెప్పించుకోవడం, కాగితం మీద రాయించుకోవడం, ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టడం... ఇవి పిల్లకు గాయం మీద గాయం. కేసుకు కూడా చేటు, ఎందుకంటే ఒక్కోసారి ఒక్కోలా చెప్పిందని రేపు కోర్టులో అంటారు.

పోలీసులకు చెప్పేముందు జరగబోయేది పిల్లకు వివరించండి. 24వ సెక్షన్ ప్రకారం వాంగ్మూలం ఇంట్లోనో తనకు నచ్చిన చోటో తీసుకుంటారు. వీలైనంత వరకు ఎస్ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి వస్తారు, యూనిఫాంలో రారు. పోలీసులు 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. ఆ కమిటీ పిల్లకు తోడుగా ఒక సహాయకురాలిని ఇవ్వగలదు. ఇంట్లోవాళ్లే నేరం చేసినవాళ్లయితే ఇంటికి ఫోన్ చేయకూడదు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయాలి. హింసకు గురైన ఆడవాళ్లకు, పిల్లలకు సాయం చేసేందుకు తెలంగాణలో భరోసా కేంద్రాలు, రెండు రాష్ట్రాల్లోనూ సఖి కేంద్రాలు ఉన్నాయి. మీ జిల్లాలోది ఎక్కడుందో అవసరం రాకముందే వెళ్లి చూసి రండి.

ఇతరులకు ముప్పు విషయంలో మన తరగతుల్లో తరసాఫ్ కేసు చెబుతారు. కాలిఫోర్నియాలో 1969లో ఒక విద్యార్థి ఒక యువతిని చంపాడు. అంతకుముందే ఆ ఉద్దేశాన్ని తన థెరపిస్టుకు చెప్పాడు. థెరపిస్టు క్యాంపస్ పోలీసులకు చెప్పినా వాళ్లు అతణ్ని వదిలేశారు. ఆ యువతికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ముప్పులో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుకు ఉందని 1976లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఇది మన చట్టం కాదు. మనకు ఆధారం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్. ఇతరులకు హాని జరగకుండా, ప్రాణాపాయం రాకుండా ఆపడానికి సమాచారం బయటపెట్టవచ్చని అది చెబుతుంది, హాని ఆపడానికి ఎంత అవసరమో అంతే. ఆ సెక్షన్ మానసిక అనారోగ్యానికి చికిత్స చేసే వృత్తి నిపుణుల కోసం రాసింది, కౌన్సెలర్ అన్న మాట అందులో లేదు. అయినా “ఎంత అవసరమో అంతే” అన్న కొలత మనకూ సరిపోతుంది.

మరో రకం ఒత్తిడి. ఇరవై ఏళ్ల అమ్మాయిని తీసుకొచ్చి, “వేరే కులం అబ్బాయి అంటోందండీ, మీరే దాని మనసు మార్చాలి” అంటారు. అబ్బాయిని తీసుకొచ్చి, “ఆడపిల్లల మీద ఇష్టం లేదంటున్నాడు, మామూలు చేయండి” అంటారు. మనసు మార్చడానికి ఒప్పుకుని ఫీజు తీసుకుంటే అక్కడే నీతి పోయింది. ఆ అమ్మాయి మేజర్. ఇక అబ్బాయి విషయంలో, స్వలింగ ఆకర్షణను మార్చే చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. అది డాక్టర్లకు చెప్పిందే అయినా కౌన్సెలర్ దాని చాటున తప్పించుకోలేరు. తల్లిదండ్రులతో చెప్పాల్సింది ఇది: “మీ బాధ వింటాను. మీకూ సెషన్లు ఇస్తాను. తన మాట తన నోటితో వినడానికి సాయం చేస్తాను. తనను మార్చడం మాత్రం నేను చేయను, చేయగలనని చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టే.” ఫీజు తీసుకునే ముందు చెప్పాలి ఇది, మూడు సెషన్ల తర్వాత కాదు.

రికార్డుల గురించి చెప్పి ప్రశ్నలకు వెళ్దాం. రేపు ఆ పిల్ల చదువుతుంది, ఎల్లుండి జడ్జి చదువుతారు అనుకుని రాయండి. ఇందాకటి సన్నివేశానికి నోటు ఇలా ఉంటుంది:

“సా. 4.10. విద్యార్థిని మాట: ‘పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తోంది.’ పద్ధతి ఆలోచించలేదని చెప్పింది. గతంలో ప్రయత్నం లేదు. తల్లికి చెప్పడానికి ఒప్పుకుంది, తండ్రికి మార్కుల సంగతి చెప్పవద్దని కోరింది. 4.35 సీనియర్‌తో సంప్రదింపు, పేరు లేకుండా. 4.50 విద్యార్థిని సమక్షంలో తల్లితో ఫోన్, మార్కుల ప్రస్తావన లేదు. ప్రిన్సిపాల్‌కు ముప్పు ఉందన్న సమాచారం మాత్రమే. రాత్రి గదిలో తోడు ఏర్పాటు. తదుపరి సెషన్ రేపు ఉ. 8.30.”

ఇందులో “డిప్రెషన్ పేషెంట్”, “అటెన్షన్ కోసం చేస్తోంది” లాంటి మాటలు లేవు చూడండి. రోగ నిర్ధారణ మన పని కాదు, తీర్పు అసలే కాదు. తీసుకోని దారిని ఎందుకు తీసుకోలేదో కూడా ఒక వాక్యం రాస్తే మంచిది. ఇక స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పిల్లల పేర్లు పెట్టడం, రిజిస్టరు టేబుల్ మీద తెరిచి వదిలేయడం. గోప్యత ఎక్కువగా పోయేది వీటివల్లే, పెద్ద కుట్రల వల్ల కాదు.

ఇప్పుడు ప్రశ్నలు.

*ఇంటికి చెప్పాక అమ్మాయి మళ్లీ సెషన్‌కు రావడం మానేసింది. ఏం చేయాలి?*

మీరే వెళ్లండి, కానీ క్లాసులోంచి పిలిపించకండి, అందరికీ తెలిసిపోతుంది. సమర్థించుకోకుండా మాట్లాడండి. “నీకు కోపం వచ్చింది, రావడం న్యాయమే. నేను చెప్పినదాంట్లో నువ్వు వద్దన్నది ఏదైనా ఇంటికి చేరిందా?” చేరి ఉంటే ఎలా చేరిందో కనుక్కుని తనకు చెప్పాలి. మీ దగ్గరికి రావడం ఇష్టం లేకపోతే వేరే కౌన్సెలర్ పేరు ఇవ్వండి, మొదటి అపాయింట్‌మెంటు మీరే తీసివ్వండి. ముప్పు ఇంకా ఉంటే మీ దగ్గరికి రాకపోయినా చూసుకునే మనిషి ఒకరు ఉండాలి.

*నేను జువాలజీ లెక్చరర్‌ని. కౌన్సెలర్ బాధ్యత కూడా నాకే ఇచ్చారు.*

మీరు మార్కులు వేసే పిల్లలకు మీరు కౌన్సెలింగ్ చేయకూడదు. మార్కులు వేసే మనిషి ముందు ఎవరూ మనసు విప్పరు, విప్పితే ఇద్దరికీ ఇబ్బందే. మీ సెక్షన్ పిల్లల్ని ఇంకొకరికి అప్పగించేలా రాతపూర్వకంగా అడగండి. శిక్షణ లేకపోతే విని సరైన చోటికి పంపేంత వరకే మీ పని అని బోర్డు మీదే రాయించండి. చుట్టరికం ఉన్నవాళ్ల పిల్లలైనా అంతే. మన ఊళ్లలో ఇంటిపేరు, ఊరు అడిగితే ఐదు నిమిషాల్లో వరస కలుస్తుంది. దూరపు వరసైతే పిల్లకు చెప్పి ఇష్టం కనుక్కోండి, దగ్గరదైతే వేరేవాళ్ల దగ్గరికి పంపండి.

*పదిహేడేళ్ల అమ్మాయి, పంతొమ్మిదేళ్ల అబ్బాయి ప్రేమలో ఉన్నారు. ఇది కూడా పోక్సోనా?*

ప్రేమ నేరం కాదు, మాట్లాడుకోవడం నేరం కాదు. లైంగిక సంబంధం ఉందని తెలిస్తే పద్దెనిమిదేళ్లలోపు సమ్మతికి చట్టంలో విలువ లేదు, 19వ సెక్షన్ వర్తిస్తుంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు గర్భస్రావం కేసుల్లో ఒక వెసులుబాటు ఇచ్చింది. మైనరు, సంరక్షకులు కోరితే డాక్టరు రిపోర్టులో ఆమె పేరు, వివరాలు చెప్పక్కర్లేదని. అది రిజిస్టర్డ్ డాక్టర్లకు ఇచ్చినది, కౌన్సెలర్లకు కాదు. చట్టంలోని ఈ కఠినత్వం పిల్లల్ని సాయానికి దూరం చేస్తోందని నా అభిప్రాయం. అలాగని తెలిసీ తెలియనట్టు ఉండమని నేను చెప్పలేను. సెషన్‌కు అవసరం లేని వివరాలు కుతూహలంతో తవ్వకండి. పిల్ల ఆ విషయం మొదలుపెడుతోందనిపిస్తే ఒక్క క్షణం ఆపి, దాచలేని విషయాలు ఏమిటో మళ్లీ గుర్తు చేయండి. తర్వాత చెప్పాలా వద్దా అన్నది తను నిర్ణయించుకుంటుంది.

*పోలీసులు వచ్చి ఫైలు ఇవ్వమంటే?*

నోటిమాట మీద ఇవ్వకండి. ఏ కేసు, ఏ చట్టం కింద, ఏ కాగితాలు కావాలన్నది రాతపూర్వకంగా తీసుకోండి. లాయరుకూ క్లయింటుకూ మధ్య మాటలకు చట్టంలో ఉన్న రక్షణ కౌన్సెలర్‌కు లేదు. కాబట్టి కోర్టు సమన్లు వస్తే వెళ్లాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. ముందు ఒక న్యాయవాదికి చూపించండి, క్లయింటుకు కబురు చేయండి. అడిగిన తేదీల నోట్సే ఇవ్వండి, ఫైలు మొత్తం కాదు. ఒరిజినల్ ఇవ్వాల్సి వస్తే పేజీలకు నంబర్లు వేసి, ఫొటోకాపీ ఉంచుకుని, ఎన్ని పేజీలు ఇచ్చారో రాసి రసీదు తీసుకోండి. సమన్లు వచ్చాక పాత నోట్సులో ఒక్క అక్షరం కూడా దిద్దకండి. ఏదైనా వివరణ ఇవ్వాలంటే ఆ రోజు తేదీ వేసి వేరే కాగితం మీద రాయండి.